జాతకంలో రవి, ఆకాశంలో సూర్యుడు: సంక్రాంతి తేదీ ఎందుకు జరుగుతోంది?

1863 జనవరి 12, సోమవారం తెల్లవారుజామున కలకత్తాలో నరేంద్రనాథ్ దత్తా పుట్టాడు. లోకం తర్వాత వివేకానందుడని పిలిచిన ఆ బిడ్డ పుట్టిన రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14న వస్తోంది, కొన్నేళ్లు 15న. 2024లో మనం పెద్దపండగ చేసుకున్నది 15నే. నూట అరవై ఏళ్లలో తేదీ రెండు మూడు రోజులు జరిగింది. పంచాంగకర్తలు లెక్క తప్పారా అంటే, లేదు. వాళ్ల పద్ధతిలో సూర్యుడు మకరంలో అడుగుపెట్టే క్షణం రుతువులతో పోలిస్తే ఏటా సుమారు 20 నిమిషాలు ఆలస్యమవుతుంది. 72 ఏళ్లకు దాదాపు ఒక రోజు.

ఈ 20 నిమిషాలే జ్యోతిషంలో రవి కథకు తాళంచెవి. ఆత్మకారకుడు, పితృకారకుడు, గ్రహరాజు, మేషంలో ఉచ్చ, తులలో నీచ అని మనం అలవాటుగా చెప్పుకునే మాటలు ఒకే రోజున, ఒకే చోట పుట్టినవి కావు. వాటిలో కొన్ని వేదం నాటివి, కొన్ని యవనుల నుంచి వచ్చినవి, కొన్ని రుతువుల్ని కళ్లారా చూసి చెప్పినవి. ఏది ఎక్కడిదో విడదీసి చూస్తే తప్ప, ఇప్పటి ఆకాశంతో ఏది పొసగుతోందో, ఏది పొసగడం లేదో తెలియదు.

మొదటి పొర వేదం. ‘సూర్య ఆత్మా జగతస్తస్థుషశ్చ’ అంటుంది ఋగ్వేదం మొదటి మండలం. కదిలేవాటికీ, కదలనివాటికీ సూర్యుడే ఆత్మ అని. జాతకం చూసే సిద్ధాంతిగారు ‘రవి ఆత్మకారకుడు’ అన్నప్పుడు దాని వెనక మోగేది ఈ మంత్రమే. అయితే ఆ వేదకాలపు సూర్యుడికి రాశులు లేవు. లగధుడి పేరు మీద మనకు దక్కిన వేదాంగ జ్యోతిషం యజ్ఞాలకు కాలం కట్టడానికి పుట్టిన చిన్న గ్రంథం. అందులో ఐదేళ్ల యుగం ఉంది, నక్షత్రాలు ఉన్నాయి, తిథులు, అయనాలు ఉన్నాయి. మేషం లేదు, మకరం లేదు, లగ్నం లేదు, జాతకచక్రం లేదు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది ఎక్కడంటే ధనిష్ఠ నక్షత్రం మొదట్లో అని మాత్రం స్పష్టంగా చెప్పింది. ఈ ధనిష్ఠను గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

పన్నెండు రాశులూ, లగ్నాన్ని బట్టి ఫలం చెప్పే పద్ధతీ క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో యవనుల నుంచి, అంటే గ్రీకుల నుంచి మన దగ్గరికి చేరాయి. యవనజాతకం అనే సంస్కృత గ్రంథం పేరులోనే ఆ సంగతి ఉంది. హోర, కేంద్రం, ద్రేక్కాణం, లిప్త: మన జ్యోతిషులు రోజూ వాడే ఈ మాటలన్నీ గ్రీకు నుంచి వచ్చినవే. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో సూర్యుడికి చెప్పిన పేర్లలో ‘హేళి’ ఒకటి. అది గ్రీకుల హీలియోస్. ఇందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర చక్కగా నిలిచింది, అందుకే వాళ్లను కూడా ఋషులలాగే పూజిస్తారని వరాహమిహిరుడే బాహాటంగా రాశాడు.

ఆయన ఉజ్జయిని ప్రాంతపువాడు, క్రీస్తు శకం ఆరో శతాబ్దం. తండ్రి పేరు ఆదిత్యదాసు. బృహజ్జాతకం సూర్యప్రార్థనతోనే మొదలవుతుంది. అందులో కాలపురుషుడికి, అంటే కాలాన్నే మనిషిగా ఊహించిన రూపానికి, సూర్యుడు ఆత్మ, చంద్రుడు మనసు. గ్రహాల కొలువులో రవిచంద్రులు రాజులు, కుజుడు సేనాని, బుధుడు యువరాజు, గురుశుక్రులు మంత్రులు, శని సేవకుడు. శనిని అక్కడ సొంత పేరుతో పిలవలేదు, ‘వేయి కిరణాలవాడి కొడుకు’ అన్నాడు. రాజు కొడుకే కొలువులో సేవకుడు. రవిశనుల శత్రుత్వం, తండ్రీకొడుకుల మధ్య ఎడం అంటూ జాతకాల్లో వినిపించే మాటలకు ఆ ఒక్క పదంలో ఎంత బలం ఉందో!

రవికి చెప్పిన గుణాలు గాలిలో పుట్టినవి కావని నా నమ్మకం. ఒక్కొక్కదాని వెనకా కంటికి కనిపించే ఆధారం ఉంది. రవికి దశమంలో దిగ్బలం, అంటే ఉన్న దిక్కును బట్టి వచ్చే బలం, అంటారు. దశమం అంటే పుట్టిన వేళకు నడినెత్తిన ఉన్న ఆకాశభాగం. మిట్టమధ్యాహ్నం పుట్టినవారి చక్రంలో రవి అక్కడే ఉంటాడు. నడినెత్తి సూర్యుడి కంటే బలమైన సూర్యుడు ఎవరు? రాజ్యం, ఉద్యోగం, అధికారం దశమానికి ముడిపడడం ఆ చిత్రం నుంచే సులువుగా అర్థమవుతుంది.

రవిని మనవాళ్లు క్రూరగ్రహాల్లో వేశారు. గ్రీకుల ఖగోళవేత్త టాలెమీ అలా వేయలేదు, మంచీ చెడూ రెండూ చేయగలవాడన్నాడు. ఎండ ముఖ్యంగా వెచ్చదనంగా తోచే నేలకూ, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత పుట్టిన నేలకూ సూర్యుడు ఒకేలా కనిపించడు గదా. ఇది నా ఊహ. కానీ మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఉన్నవారికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక మూఢం. పెళ్లిళ్లు ఆగిపోయి, మండపాలు ఖాళీగా ఉండే రోజులు. గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం అంటే ఆ గ్రహం సూర్యుడికి బాగా దగ్గరగా రావడంతో ఆ వెలుగులో కంటికి కనబడకుండా పోవడమే. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం దీనికి కొలతలు కూడా ఇచ్చింది: గురువుకు 11 డిగ్రీలు, శుక్రుడికి 10, శుక్రుడు వక్రించి ఉంటే 8. గ్రహణాన్ని పక్కన పెడితే, మన ఇళ్లలో శుభకార్యాల తేదీల్ని ఇంత నేరుగా శాసించే ఆకాశ దృశ్యం మరొకటి లేదు.

అన్నిటికంటే కీలకం ఉచ్చస్థానం, అంటే గ్రహానికి బలం ఎక్కువగా ఉండే చోటు. దానికి ఎదురుగా ఉండేది నీచ. రవికి మేషంలో పదో డిగ్రీ పరమోచ్చ, తులలో పదో డిగ్రీ పరమనీచ. గ్రీకులు మేషంలోనే 19వ డిగ్రీ అన్నారు, రాశిలో తేడా లేదు. ఎందుకు మేషం? ఆ కాలంలో సూర్యుడు మేషంలో ప్రవేశించేసరికి అటూఇటుగా పగలూ రాత్రీ సమానమయ్యేవి. అక్కడి నుంచి పగలు రాత్రిని మించిపోతుంది. తులలో సరిగ్గా దీనికి ఎదురు, రాత్రిది పైచేయి. వెలుగు గెలిచే చోట వెలుగురేడుకి ఉచ్చ, ఓడే చోట నీచ. ఎంత సహజమైన ఆలోచన!

అదంతా ఆ కాలపు మాట. ఇప్పుడు మన పంచాంగాల లెక్కలో పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20 నాటికి సూర్యుడు ఇంకా మీనంలో ఆరో డిగ్రీలోనే ఉంటాడు. మేషంలోకి వచ్చేది ఏప్రిల్ 13, 14 తేదీల్లో. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న, అంటే ధనుర్మాసం మొదలైన వారం లోపే. తిరుప్పావై ఏడో పాశురం చదివేసరికే అసలు ఉత్తరాయణం వచ్చేసి ఉంటుంది. మనం మాత్రం ఇంకో మూడు వారాలు ఆగి, మకర సంక్రమణం నాడు ఉత్తరాయణ పుణ్యకాలం అని సంకల్పం చెప్పుకుంటాం.

భూమి అక్షం తిరిగే బొంగరంలా మెల్లగా వంపు దిశ మార్చుకుంటూ ఉంటుంది. ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 26,000 ఏళ్లు. దాంతో అయనాలు, విషువత్తులు (పగలూ రాత్రీ సమానమయ్యే బిందువులు) నక్షత్రాల మధ్య వెనక్కి జరుగుతూ పోతాయి. రాశిచక్రాన్ని విషువత్తు నుంచి కొలిస్తే సాయనం, స్థిరంగా ఉన్న నక్షత్రాల నుంచి కొలిస్తే నిరయనం. టాలెమీ వెంట నడిచిన పశ్చిమదేశాలు సాయనాన్ని పట్టుకున్నాయి. మనం నిరయనంలో ఉండిపోయాం. రెండింటి మధ్య ఎడమే అయనాంశ. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. డల్లాస్‌లో ఏప్రిల్ 5న పుట్టిన తెలుగు పిల్లను స్కూల్లో స్నేహితులు ‘ఏరీస్’ అంటారు. ఇండియా నుంచి వచ్చిన జాతకంలో రవి మీనంలో ఉంటాడు, దానికి తోడు అమ్మమ్మ ‘నీ రాశి కన్య’ అంటుంది, ఎందుకంటే ఆవిడ చెప్పేది చంద్రుడున్న రాశి. ముగ్గురూ తమ తమ లెక్కలో సరిగ్గానే ఉన్నారు. (రవి రాశిని బట్టి పత్రికల్లో వారఫలాలు రాసే ఆనవాయితీ 1930లలో లండన్ పత్రికల్లో మొదలైంది. మన సంప్రదాయంలో లగ్నం, జన్మనక్షత్రం తర్వాతే రవి.)

ఇప్పుడు ధనిష్ఠ దగ్గరికి వద్దాం. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆదిత్యచారం అనే అధ్యాయంలో ఈ సమస్యను ఎదురుగా నిలబడి చూశాడు. ఆశ్లేష సగం నుంచి దక్షిణాయనం, ధనిష్ఠ మొదటి నుంచి ఉత్తరాయణం ఒకప్పుడు నిజంగానే ఉండి ఉండాలి, లేకపోతే పూర్వశాస్త్రాల్లో అలా చెప్పరు అన్నాడు. ఇప్పుడు మాత్రం కర్కాటకం మొదట, మకరం మొదట అయనాలు మారుతున్నాయి అన్నాడు. చెప్పినదానికీ కనిపించేదానికీ తేడా వస్తే ప్రత్యక్ష పరీక్షతో తేల్చుకోవాలన్నాడు. సూర్యుడు ఉదయించే, అస్తమించే చోట్లను గుర్తుపెట్టి గానీ, నేల మీద వృత్తం గీసి నీడ వచ్చిపోయే గుర్తుల్ని చూసి గానీ చూడమని పద్ధతి కూడా చెప్పాడు. మకరం అంటే ఉత్తరాయణం అన్న మాట ఆయన నోట సంప్రదాయం కాదు, తాజా పరిశీలన. దాన్ని మనం పదిహేను వందల ఏళ్లు కదలని శాసనంగా మార్చుకున్నాం. ఆయన్ని ఇంతగా గౌరవించే మనం ఈ ఒక్క శ్లోకాన్ని పక్కనపెట్టడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

సూర్యసిద్ధాంతం అయనచలనాన్ని గుర్తించింది గానీ, అది గుండ్రంగా తిరగదని, అటు 27 డిగ్రీలు ఇటు 27 డిగ్రీలు ఊయలలా ఊగుతుందని చెప్పింది. ఊయలైతే ఎప్పటికైనా వెనక్కి వస్తుంది, రాశుల్ని సవరించే పనే ఉండదు. నిరయనం అంత స్థిరంగా నిలబడడానికి ఆ నమ్మకం కూడా తోడ్పడి ఉంటుంది.

మన రైతుకు ఇది మరింత దగ్గరి సంగతి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. తెలుగు నేల మీద వ్యవసాయానికి ఆధారం చాంద్రమాన మాసం కాదు, ఈ రవి నడకే. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది, నైరుతి రుతుపవనం కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు. వానలు మాత్రం నక్షత్రాల్ని చూసి రావు, రుతువును బట్టి వస్తాయి. వరాహమిహిరుడి కాలంలో మృగశిర కార్తె ఇప్పటి లెక్కలో మే మూడో వారానికే వచ్చేసేది. కాబట్టి మన కార్తె సామెతలు ఇప్పుడున్న రూపంలో అంత పాతవి కాలేవు. వాటిని కట్టినవాళ్లు మనకు దగ్గరి తరాల రైతులే, తమ పొలంలో తాము చూసింది చెప్పినవాళ్లే.

స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో ముప్పై దాకా పంచాంగ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. 1952 నవంబరులో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షుడిగా పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. ఎన్.సి. లాహిరి కార్యదర్శి. రాశిచక్రం మొదలయ్యే సున్నా డిగ్రీ ఎక్కడ పెట్టాలన్న వాదం అప్పటికే ముదిరి ఉంది. మహారాష్ట్రలో పంచాంగకర్త కేత్కర్ చిత్త నక్షత్రాన్ని ఆధారం చేసుకుంటే, తిలక్ రేవతి పక్షాన నిలిచారు. రెండింటికీ దాదాపు 4 డిగ్రీల తేడా, అంటే సంక్రాంతికి నాలుగు రోజుల తేడా. 1955లో వచ్చిన నివేదిక చిత్త పక్షం వైపు మొగ్గింది. 1956 మార్చి 21 నాటికి అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని తీసుకుంది. ఇవాళ మన ఫోన్లలో జాతకం వేసే సాఫ్ట్‌వేర్లలో ‘లాహిరి’ అని కనిపించేది దీని వారసత్వమే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పండగలు రుతువుల నుంచి ఇంకా దూరం జరగకుండా, మతపరమైన సౌరమాసాలకు ఆ 23 డిగ్రీల 15 నిమిషాల ఎడాన్ని అక్కడితో నిలిపేయాలని సంఘం సూచించింది. పోయింది ఎటూ పోయింది, ఇక్కడితో ఆపుదామన్న రాజీ అది. పంచాంగకర్తలు అంకెను తీసుకున్నారు, రాజీని వదిలేశారు. అయనాంశ పెరుగుతూనే ఉంది. విషువత్తు మరునాడు మొదలయ్యే జాతీయ శక పంచాంగం 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. సాహా దాన్ని చూడలేదు, అంతకు ఏడాది ముందే, 1956 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అది ప్రభుత్వ గెజిట్ల మీద నిలిచింది గానీ మన గుమ్మాల్లోకి రాలేదు.

సంక్రాంతిని డిసెంబరుకు మార్చమని నేను అనను. కోతలు, కొత్తబియ్యం, ముగ్గులు, అత్తింటికి వచ్చే అల్లుళ్లు అన్నీ జనవరికి అల్లుకుపోయాయి. కానీ పంచాంగంలో డిసెంబరు పేజీలో ‘ఈ రోజు సూర్యుడు ఉత్తరానికి తిరిగాడు’ అని ఒక్క వరుస పెద్దక్షరాలతో వేస్తే ఏ శాస్త్రానికీ భంగం రాదు. పిల్లలు ఆకాశం వైపు చూస్తారు.

నవగ్రహ పూజలో సూర్యుణ్ణి ‘కాశ్యపస గోత్రం, కళింగ దేశాధిపతిం’ అని ఆవాహన చేస్తాం. ఆ కళింగ నేల మీదే, శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో, సూర్యనారాయణస్వామి గుడి ఉంది. తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లోనూ, మబ్బు లేకపోతే ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాల్ని తాకుతాయి. ఒకటి వసంత విషువత్తుకు పది రోజుల ముందు, రెండోది శరద్విషువత్తుకు దాదాపు పది రోజుల తర్వాత. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు తూర్పుకు కొంచెం దక్షిణంగా ఒకే చోట ఉదయిస్తాడు. ఆ గుడి దిక్కు మొదటి నుంచీ ఇదే అనుకుంటే, దేవేంద్రవర్మ కాలంలో మార్చి కిరణాలు పడిన ఉదయాన నిరయన లెక్కలో రవి మీనం మధ్యలో ఉండేవాడు. ఇప్పుడు అదే ఉదయాన కుంభం చివర్లో ఉంటున్నాడు. రాశి మారిపోయింది. కిరణం మాత్రం అదే గుమ్మంలోంచి వచ్చి అవే పాదాల మీద పడుతోంది.