‘నా దగ్గర నడిచింది కదా!’: డెస్క్‌టాప్ లైబ్రరీలపై అపోహలు, వాస్తవాలు

ఓపెన్ సోర్స్ అప్లికేషన్‌ను తయారుచేసి నిర్వహించేవాళ్లకు బాగా తెలిసిన ఫిర్యాదు ఒకటుంది: ‘అసలు తెరుచుకోవడమే లేదు’. తవ్వుకుంటూ పోతే తప్పు మన కోడ్‌లో కాక ఏదో ఒక లైబ్రరీలో, అంటే మనం అరువు తెచ్చుకున్న సిద్ధంగా ఉన్న కోడ్‌లో, తేలుతుంది. బిల్డ్ ఫైల్‌లో మనం రాసుకున్న లైబ్రరీల పేర్లు కొన్నే. పెళ్లికి పిలిచిన వాళ్ల వెంట వచ్చే బంధువుల్లా అవి మరెన్నింటినో తెచ్చుకుంటాయి. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఆ పిలవని వాటితోనే.

అపోహ: నా కంప్యూటర్‌లో బిల్డ్ అయింది, నడిచింది. లైనక్స్ అంతా ఒక్కటే కదా.

ఉబుంటు 22.04లో ఒక్క వాక్యం ప్రింట్ చేసే సీ ప్రోగ్రామ్ కంపైల్ చేసి, ఆ ఫైలును 20.04లో నడిపి చూడండి. జీలిబ్‌సీ (లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.34 దొరకలేదంటూ మొండికేస్తుంది. మీరు కొత్త ఫంక్షన్ ఏదీ వాడలేదు. అయితే 2021 ఆగస్టులో వచ్చిన ఆ 2.34 విడుదలలో, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు తగిలించారు. మెయిన్ ఉన్న ప్రతి ప్రోగ్రామూ దాని గుండానే మొదలవుతుంది. 20.04లో ఉన్నది 2.31. పాత జీలిబ్‌సీ మీద కట్టిన బైనరీ (కంపైల్ అయిన ఫైలు) కొత్త సిస్టమ్‌లో నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదానిలో నడుస్తుందన్న హామీ లేదు. అందుకే విడుదల చేసే బైనరీని, మీరు మద్దతివ్వదలచిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్‌ మీద బిల్డ్ చేయాలి. ఆ పాత సిస్టమ్‌ను మీ కంప్యూటర్‌లోనే విడిగా నడిపే కంటైనర్ వాడినా చాలు. అప్లికేషన్‌నూ దాని లైబ్రరీలనూ ఒకే ఫైలుగా ఇచ్చే యాప్‌ఇమేజ్‌లో చుట్టి ఇస్తే తప్పించుకోవచ్చని అనుకోకండి. అందులో సాధారణంగా జీలిబ్‌సీని చేర్చరు.

అపోహ: ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పక్కపక్కన ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

డిస్కు మీద ఉంటే ఇబ్బంది లేదు. ఒకే ప్రాసెస్‌లోకి (నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్‌లోకి) రెండూ వస్తేనే ప్రమాదం. కిటికీలు, బటన్లు గీసే టూల్‌కిట్ జీటీకే 3 కోసం ఉన్న, వెబ్ పేజీలు చూపించే వెబ్‌కిట్‌జీటీకేనే తీసుకోండి. దాని 4.0 ఏపీఐ (ప్రోగ్రామ్‌లు దాన్ని పిలిచే పద్ధతి) లిబ్‌సూప్ అనే హెచ్‌టీటీపీ లైబ్రరీ 2వ వెర్షన్ మీద, 4.1 ఏపీఐ లిబ్‌సూప్ 3 మీద ఆధారపడతాయి. మీ కోడ్ ఇంకా లిబ్‌సూప్ 2 వాడుతుండగా వెబ్‌కిట్‌ను మాత్రం 4.1కి మార్చారనుకోండి. రెండు లిబ్‌సూప్‌లూ ఒకే ప్రాసెస్‌లో కుదరవని ఒక్క లైను రాసి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. రెండూ తమ డేటా టైపులను ఒకే పేర్లతో నమోదు చేయబోతాయి కాబట్టి, ఆగిపోవడమే నయం. లేకపోతే ఎక్కడో మెమరీ పాడై, కారణం పట్టుకోలేక తల పట్టుకోవలసి వచ్చేది.

మీరు లిబ్‌సూప్ పేరే ఎత్తకపోయినా ఏదో ప్లగిన్ దాన్ని లోపలికి తేవచ్చు. ఎల్‌డీడీ కమాండ్ బైనరీకి నేరుగా, పరోక్షంగా లింకైన లైబ్రరీలను చూపిస్తుంది కానీ, నడుస్తుండగా లోడయ్యే ప్లగిన్లను చూపించదు. వాటి కోసం ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్‌లో ఉండే మ్యాప్స్ ఫైలు తెరవాలి. ఇలాంటి ఫిర్యాదు వస్తే నేను మొదట అడిగేది ఆ ఫైలునే.

అపోహ: అన్ని లైబ్రరీలనూ మనమే ప్యాకేజీలో పెట్టేస్తే తలనొప్పి తీరుతుంది.

తీరదు, మన తలకే చుట్టుకుంటుంది. 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీలో తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. సిస్టమ్ లైబ్రరీని వాడుకునే అప్లికేషన్లకు డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు లాంటి లైనక్స్ కూర్పు) ఇచ్చిన ఒక్క అప్‌డేట్ సరిపోయింది. సొంత కాపీ మోసుకు తిరిగేవి, ముఖ్యంగా క్రోమియం బ్రౌజర్‌ను లోపల పెట్టుకున్న ఎలక్ట్రాన్ అప్లికేషన్లు, ఒక్కొక్కటిగా కొత్త విడుదల ఇవ్వాల్సి వచ్చింది. లైబ్రరీని మీరు చేర్చారంటే దాని భద్రతా ప్రకటనలు చదివే పనీ మీదే. ఆ ఓపిక ఉంటే చేర్చండి.

ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీ పద్ధతిలో చాలా అప్లికేషన్లు పంచుకునే లైబ్రరీల కట్టలైన రన్‌టైమ్‌లు ఈ బరువు కొంత మోస్తాయి. అయితే వాటికీ మద్దతు గడువు ఉంటుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ రన్‌టైమ్‌ను సుమారు ఏడాదికోసారైనా మార్చుకోవాలి.

అపోహ: కొత్త టూల్‌కిట్‌కు మారడమంటే బిల్డ్ ఫైల్‌లో అంకె మార్చడమే.

జీటీకే పుట్టిందే గింప్ అనే బొమ్మల ఎడిటర్ కోసం. జీటీకే 3 వచ్చింది 2011లో. దాని మీద నడిచే గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. మధ్యలో, 2020 డిసెంబరులో, జీటీకే 4 కూడా వచ్చేసింది. అంకె మార్చడమే అయితే పద్నాలుగేళ్లు పట్టేది కాదు.

అపోహ: ఎప్పుడూ తాజా వెర్షన్ వాడితే చాలు. లేదా, నడుస్తున్నదాన్ని కదపకుంటే చాలు.

రెండూ తప్పే. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనం 5.6.0, 5.6.1లలో దొంగచాటుగా చొప్పించిన కోడ్ బయటపడినప్పుడు, తాజా వెర్షన్ కోసం ఎగబడని డెబియన్ స్టేబుల్ వాడుకరులు నిశ్చింతగా ఉన్నారు. మరోవైపు ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరు 11తో ముగిసింది. దాన్ని కదపకుండా కూర్చున్నవాళ్ల బైనరీలు ఉబుంటు 22.04లో మొదలే కాలేదు, ఎందుకంటే అందులో ఉన్నది 3.0 మాత్రమే. వెర్షన్లను లాక్ ఫైల్‌లో బిగించండి, కానీ ఆ బిగింపు విప్పే తేదీ కూడా రాసుకోండి.

అపోహ: ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉన్న లైబ్రరీని స్టాటిక్‌గా (మన బైనరీలోనే కలిపేసి) లింక్ చేయడం నిషేధం.

నిషేధం కాదు. సవరించిన లైబ్రరీతో వాడుకరి మళ్లీ లింక్ చేసుకునే వీలు కల్పించాలి, అంతే. మీ కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ అయి, బిల్డ్ స్క్రిప్టులు కూడా అందులో ఉంటే ఆ వీలు దాదాపు కల్పించినట్టే. లైసెన్సు ప్రతిని జతచేయడం మాత్రం మరవకండి.