ఆ సున్నా ఎక్కడ పెట్టాలి?

పశ్చిమ మాంబళం,
చెన్నై.

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మామ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మొన్న ఫోన్లో చిన్నా "తాతయ్యా, స్కూల్లో పైథాన్ అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టారు. రెండు లైన్లు రాస్తే మూడు ఎర్రర్లు వస్తున్నాయి. నాకు బుర్ర లేదేమో" అన్నాడు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, పక్కన కుక్కర్ ఒకటే కూత. అందుకే ఈ ఉత్తరం. నేనేమీ సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. మౌంట్ రోడ్డులో ఒక ఆఫీసులో ముప్ఫై ఏళ్లు అకౌంట్లు రాసినవాణ్ణి. రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ నీళ్ల లారీల లెక్క నా నెత్తిన పడితే, దానికోసం పైథాన్ నేర్చుకున్నాను. కాబట్టి ఇది పండితుడి పాఠం కాదు, మీకంటే నాలుగు దెబ్బలు ముందు తిన్నవాడి మాట.

ముందు బుర్ర సంగతి. నేను ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కూరల బండి దగ్గర "వేణుం" అనాల్సిన చోట "కావాలి" అని నోరు జారుతుంది. బండి అతను నవ్వి పచ్చిమిరపకాయలు పొట్లం కట్టి ఇస్తాడు. నేను సగం చెబితే మిగతా సగం అతను ఊహించుకుంటాడు. కంప్యూటర్‌కి ఆ ఊహే లేదు. చివర ఒక్క బ్రాకెట్ మూయకపోతే, మనం చెప్పదలచుకున్నది ఎంత తేలిగ్గా తెలిసిపోతున్నా సరే, పని మానేసి కూర్చుంటుంది. సింటాక్స్ అంటే ఇంతే, ఊహ లేనివాడితో మాట్లాడటానికి పెట్టుకున్న కట్టుబాటు. అది తప్పడానికీ తెలివితేటలకీ సంబంధం లేదురా చిన్నా.

ఈ పైథాన్‌ని మొదలుపెట్టింది నెదర్లాండ్స్‌కి చెందిన గైడో వాన్ రోసమ్, 1989 క్రిస్మస్ సెలవుల్లో. బయటికి వదిలింది 1991లో. పేరు పాము మీద పెట్టింది కాదు, ఆయనకిష్టమైన ఒక బ్రిటిష్ కామెడీ కార్యక్రమం మీద పెట్టింది. చిన్నా స్కూల్లో విండోస్, మీ నాన్న దగ్గర మ్యాక్, నాది లినక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాప్. అయినా నేను పంపే ఫైలు మూడింటి మీదా నడుస్తుంది. మనం రాసినదాన్ని పైథాన్ ముందు బైట్‌కోడ్ అనే మధ్య భాషలోకి మారుస్తుంది. దాన్ని చదివి పని చేయించే ఇంటర్‌ప్రెటర్ మాత్రం ఏ సిస్టమ్‌కి ఆ సిస్టమ్‌ది వేరేగా ఉంటుంది. తేడాల తలనొప్పంతా దానిది, మనకి అక్కర్లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయినప్పుడు ఈ ఊళ్లో నీళ్ల లారీ కోసం జనం ఎలా కాచుకున్నారో మీ నాన్ననడగండి. (మన కండలేరు నుంచి కృష్ణా నీళ్లు కాలవలో వచ్చి చేరేది ఆ పూండికే.) అప్పట్నుంచి మా బిల్డింగ్‌లో లారీ ఖర్చు రాసిపెట్టడం అలవాటైంది. అనుకోండి, ఒక నెలలో మూడు లారీలొచ్చాయి, ఆరిళ్లు పంచుకోవాలి:

లారీలు = [1800, 1800, 2100]
మొత్తం = 0
ఫర్ లారీ ఇన్ లారీలు:
    మొత్తం = మొత్తం + లారీ
ప్రింట్(మొత్తం / 6)

మన లిపిలో రాశానని కంగారుపడకండి. ఫర్, ఇన్, ప్రింట్ అన్నవి పైథాన్ సొంత మాటలు. మెషీన్ మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. లారీలు, లారీ, మొత్తం మనం పెట్టుకున్న పేర్లు. వీటిని తెలుగులోనే ఉంచొచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. నాకైతే ఇది చూసి భలే సంతోషమేసింది.

నాలుగో లైను మీ లెక్కల మాస్టారు చూస్తే ఎర్ర ఇంకు పెడతారు. మొత్తం అనేది మొత్తానికి ఇంకొకటి కలిపినదానితో ఎలా సమానమవుతుంది? అవదు. ఇక్కడ ఈ = గుర్తుకి సమానమని అర్థం లేదు. ముందు కుడివైపు లెక్క తేల్చు, వచ్చినదాన్ని ఎడమవైపు పేరుకి ఇవ్వు, అంతే. నేను లెడ్జర్లో పాత బ్యాలెన్స్ కొట్టేసి పక్కన కొత్తది వేసేవాణ్ణే, అదన్నమాట. సమానమా కాదా అని అడగాలంటే ఆ గుర్తునే రెండుసార్లు కొట్టాలి, == అని.

మూడో లైను లారీల ఖర్చుల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, ఒక్కోదానికీ కింది లైను పని చేయమంటుంది. దాని చివర రెండు చుక్కలు చూశారుగా, ఆ కోలన్ అంటే "కింద ఇంకా ఉంది" అని. ఏది లోపలిది, ఏది బయటిది అన్నది లైను ముందు వదిలిన ఖాళీని బట్టి తెలుస్తుంది. జావా, సీ భాషల్లో దీనికి ఫ్లవర్ బ్రాకెట్లు పెడతారు. పైథాన్‌లో ఖాళీయే బ్రాకెట్టు, నాలుగు స్పేస్‌లు వదలడం ఆనవాయితీ. నా పరువు పోయింది సరిగ్గా ఇక్కడే. మొదటి నెల నేను "మొత్తం = 0" అన్న లైనుని పొరపాటున ఫర్ కిందకి, నాలుగు స్పేస్‌లు లోపలికి పెట్టాను. ఎర్రర్ రాలేదు. రాదు కూడా, సింటాక్స్ ప్రకారం అందులో తప్పులేదు. కానీ ప్రతి లారీకీ మొత్తం మళ్లీ సున్నా అయిపోయి, చివరికి ఆఖరి లారీ 2100 మాత్రమే మిగిలింది. ఇంటికి 950 రావలసింది 350 అని నోటీసు బోర్డు మీద అంటించాను. ఆ నెల నన్ను చూసి నవ్వనివాళ్లు లేరు, అందరికీ తాతగారి కంప్యూటర్ లెక్క తెగ నచ్చేసింది. లారీవాడికి తక్కువపడ్డది నా జేబులోంచి ఇచ్చాను. మామ్మ ఇప్పటికీ ఆ కథ చుట్టాలందరికీ చెబుతుంది.

ఇంకోసారి, ఎన్ని లారీలొచ్చాయో నన్నే అడిగేలా ఇన్‌పుట్ అని పెట్టి, వచ్చినదాన్ని 1800తో గుణించమన్నాను. 3 కొట్టాను. స్క్రీన్ నిండా మూళ్లు! కీబోర్డు నుంచి వచ్చేది ఏదైనా పైథాన్‌కి అంకె కాదు, రాత. రాతని 1800తో గుణిస్తే దాన్నే 1800 సార్లు వరసగా రాసిపెడుతుంది. ముందు ఇంట్( ) అనే దాంట్లో పెట్టి అంకెగా మార్చాలి. తమాషా ఏమిటంటే, ఆ ఇంట్‌కి తెలుగు అంకె "౩" ఇచ్చినా మూడనే చదువుతుంది. ప్రోగ్రాంలో నేరుగా ౩ అని రాస్తే మాత్రం ఊరుకోదు.

తెలుగు పేర్లు పెట్టేటప్పుడు ఒక చిక్కుంది. "ఫ్లాట్‌లు" అని పేరు పెడితే గంటసేపు నన్ను ఏడిపించింది. లైను చూస్తే శుభ్రంగా ఉంది, పైథాన్ ఏమో కనిపించని అక్షరం ఉందంటుంది. చివరికి తెలిసిందేమిటంటే, ట కింద పొల్లు విడిగా నిలబడటానికి మన తెలుగు కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని గుర్తొకటి దూరుస్తుంది. పేర్లలో ఆ గుర్తు పైథాన్‌కి పడదు. "ఇళ్లు" అని మార్చేశాను, గొడవ వదిలింది. వాట్సాప్‌లోంచి కోడ్ కాపీ కొట్టినా ఇలాంటి తంటాలే. కొటేషన్ గుర్తులు వంకర తిరిగి వస్తే పైథాన్ వాటిని కొటేషన్లని ఒప్పుకోదు. అందుకే మొదటి నెల రోజులు ఏదైనా చేత్తోనే కొట్టండి.

ఎర్రర్ వచ్చినప్పుడు పైనుంచి చదవకండి, అడుగున ఉన్న లైను ముందు చదవండి. అసలు ఫిర్యాదు అక్కడుంటుంది. దాని పైన లైను నంబరు ఉంటుంది. ఆ లైనులో తప్పు కనిపించకపోతే దాని పై లైను కూడా చూడండి, మూయని బ్రాకెట్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఫలానా బ్రాకెట్ మూయలేదని అదే చెబుతోంది. స్కూల్లో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి.

లెక్క పెట్టడం సున్నా నుంచి మొదలవుతుంది, మొదటి లారీ అంటే లారీలు[0]. ఇది రెండు రోజుల్లో అలవాటైపోతుంది, దీనికి టెన్షన్ పడొద్దు.

బుజ్జీ, నువ్వు అక్షరాలు లెక్కపెట్టే సరదా మనిషివి కదా, ఒకటి చెయ్యి. రాత పొడవు చెప్పే లెన్( ) లోపల కొటేషన్లలో "చెన్నై" అని పెట్టి చూడు. మనకి రెండక్షరాలు, దానికి ఆరు. చ, ఎత్వం, న, పొల్లు, మళ్లీ న, ఐత్వం, ఇలా విడివిడిగా లెక్కేస్తుంది. "అమ్మ"కి ఎంత చెబుతుందో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత మెషీన్‌నడుగు.

ఇద్దరికీ కలిపి ఒక పని. ఈ నెల నాలుగు లారీలొచ్చాయి: 1800, 1900, 1900, 2200. మూడో అంతస్తు వాళ్లు పెళ్లికని ఊరెళ్లి పదిహేను రోజులు తాళం వేశారు, వాళ్ల దగ్గర సగం వాటాయే తీసుకుందామని మీటింగులో అనుకున్నాం. మిగతా అయిదిళ్లకీ ఎంతెంత పడుతుందో పైథాన్‌లో వేసి ఆదివారంలోపు పంపండి. నేను వేసినదానితో సరిచూసుకుని గానీ ఈసారి బోర్డు మీద అంటించను.

ఇట్లు,
మీ తాతయ్య