అందరూ తాగుతున్నారన్న భ్రమ

కాలేజీ విద్యార్థుల అతి తాగుడును తగ్గించే మార్గం ఏదైనా శాస్త్రీయంగా తేలిందా అని ఒక పాఠకురాలు అడిగారు. చెడిపోయిన కాలేయం బొమ్మలు చూపి భయపెట్టే ఉపన్యాసాలను మన విద్యాసంస్థలు ఎంతగా నమ్ముకున్నా, కేవలం సమాచారం చెప్పి ఊరుకుంటే తాగే పరిమాణం పెద్దగా తగ్గదని అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధనలు పదే పదే చూపాయి.

అక్కడ ఫలితమిచ్చిన పద్ధతుల్లో నన్ను అమితంగా ఆకట్టుకున్నది, విద్యార్థుల మనసులోని ఒక తప్పుడు అంచనాను సరిదిద్దే పద్ధతి. తోటివారు తమకంటే తాగుడుకు ఎక్కువ అనుకూలమని విద్యార్థులు పొరబడుతున్నారని 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు గుర్తించారు. శనివారం రాత్రి హాస్టల్ మెట్ల మీద కేకలు వేసే నలుగురి గొంతు అంతస్తంతా వినిపిస్తుంది. తలుపు వేసుకుని చదువుకునే ముప్పయి మంది ఎవరి కంటా పడరు. ఇంతకంటే లోతైన కారణం మరొకటుంది. ఎవరైనా తాగి పడిపోయినప్పుడు లోలోపల ఇబ్బందిపడిన విద్యార్థి కూడా పైకి నవ్వేస్తాడు. తన నవ్వు నటనేనని తనకు తెలుసు గానీ, పక్కవాడి నవ్వు నిజమనుకుంటాడు. పక్కవాడూ ఇతని గురించి అలాగే అనుకుంటాడు. ప్రిన్స్‌టన్‌లో ప్రెంటిస్, మిల్లర్ చేసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, సెమిస్టర్ గడిచేకొద్దీ అబ్బాయిల సొంత అభిప్రాయాలు, అందరూ తాగుడుకు అనుకూలమేనన్న ఈ లేని ప్రమాణం వైపే జరిగాయి. అమ్మాయిల్లో ఆ మార్పు కనబడలేదు.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లట్ బృందం రూపొందించిన ‘బేసిక్స్’ కార్యక్రమంలో మందలింపు ఉండదు. రెండు చిన్న సమావేశాల్లో విద్యార్థి ముందు ఒక కాగితం పెడతారు: వారానికి తాను తాగేది, తోటివారు తాగుతారని తాను ఊహించినది, వారు నిజంగా తాగేది. చూస్తే ఏమనిపిస్తోందని అడిగి, అతని జవాబు కోసం ఆగుతారు. రక్తంలో ఆల్కహాల్ సుమారు 0.05 శాతం దాటాక ఉల్లాసం పెరగదని, మందకొడితనమే పెరుగుతుందని వివరిస్తారు. ఆ ఆల్కహాల్ గంటకు దాదాపు 0.015 శాతం చొప్పునే తగ్గుతుంది. మజ్జిగ, నిమ్మరసం మత్తును దింపుతాయన్నది వట్టి నమ్మకం.

ఫలితం మోస్తరుగానే ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. తాగకపోతే చేతులు వణికే స్థితికి చేరినవారికి ఇది చాలదు. వారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛ రావచ్చు కనుక వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి. మన హాస్టళ్ళలో ఈ పద్ధతిని వాడదలిస్తే, ముందుగా పేర్లు అడగకుండా ఆ హాస్టల్‌లోనే సర్వే చేయాలి, ఎందుకంటే విద్యార్థి నమ్మేది తనవాళ్ళ అంకెనే. ఆ అంకెను ఎక్కువ తాగేవారికే విడిగా చూపడం మేలు. తక్కువ తాగేవాడికి చూపిస్తే అతను సగటు దాకా పెంచుకునే ప్రమాదం ఉంది.