మాలీష్ నుంచి స్పా దాకా: ఓరుగల్లు ప్రాంతంలో చేతివైద్యం నడిచిన తోవ

హనుమకొండ, కాజీపేట రోడ్ల వెంట ఇప్పుడు కేరళ పంచకర్మ, ప్రకృతి చికిత్స, హిజామా (కప్పులు పెట్టి రక్తం తీసే చికిత్స), ఫిజియోథెరపీ, స్పా అనే బోర్డులు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. నడుము నొప్పితో వచ్చిన మనిషికి ఇవన్నీ ఒకే తీరుగా తోస్తాయి, ఎందుకంటే అన్నిచోట్లా ఎవరో ఒకరు ఒంటి మీద చేయి వేసి నొప్పి తగ్గిస్తామంటారు. చట్టం దృష్టిలో మాత్రం వీటి మధ్య చాలా దూరం ఉంది. కొందరి వెనుక డిగ్రీ, నియంత్రణ మండలి, రిజిస్టరు ఉన్నాయి. కొందరికి దుకాణం నడుపుకునే లైసెన్సు తప్ప మరేమీ లేదు. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలియకపోతే, మసాజ్ కేంద్రాలను చుట్టుకున్న అనుమానానికీ, నిజంగా నొప్పితో ఉన్నవారికి సరైన చేయి దొరకకపోవడానికీ కారణం అర్థం కాదు.

ఈ ప్రాంతంలో చేతితో నొప్పి తీసే పని కొత్తగా వచ్చింది కాదు. కాన్పు అయిన ఇంటికి మంత్రసాని రోజూ వచ్చి బాలింతకు నూనె రాసి, నడుము, కాళ్లు పట్టి, వావిలాకు వేసి మరిగించిన నీళ్లు పోసేది. పసిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఆముదంతో ఒళ్లు రుద్ది సున్నిపిండితో స్నానం చేయించేది. మోకాళ్లు పట్టేస్తే జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చజేసి కట్టేవారు. నడుము పట్టేస్తే ఉప్పు మూటతో కాపడం పెట్టేవారు. ఆదిలాబాదు అడవి పల్లెల్లో కీళ్ల నొప్పికి ఇప్ప నూనె వాడకం ఉంది. క్షవరం చేసే నాయీ బ్రాహ్మణుల చేతుల్లో తల మాలీష్, మెడ పట్టడం, చిన్నపాటి వైద్యం కలిసే ఉండేవి. బొక్క విరిగితే కట్టు కట్టేవారు వేరుగా ఉండేవారు. ఈ పనులకు ప్రతిఫలంగా పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లంలో కొలిచే గింజలు, పండుగకు ఒక చీర లేదా ధోవతి దక్కేవి. ఇక్కడే అసలు చిక్కు మొదలైందని నా అభిప్రాయం. ఎంతో నేర్పుతో చేసే పనిని ఊరు ఒక విద్యగా లెక్కపెట్టలేదు, ఫలానా కులం చేయవలసిన చాకిరీగా చూసింది. అందుకే ఆ నేర్పును ఎవరూ రాసి పెట్టలేదు, పరీక్షించలేదు, చేసేవారికి గౌరవం ఇవ్వలేదు.

అదే కాలంలో గ్రంథస్థమైన వైద్యం మరో దారిలో సాగింది. రోజూ చేసుకునే అభ్యంగం, అంటే నూనె మర్దన, ముసలితనాన్ని, అలసటను, వాతాన్ని పోగొడుతుందని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. కఫం ముదిరినవారు, ఒంట్లోని దోషాలను బయటికి పంపే శోధన చికిత్స చేయించుకున్నవారు, అజీర్ణంతో ఉన్నవారు అభ్యంగానికి దూరంగా ఉండాలని కూడా ఆయన అక్కడే హెచ్చరించాడు. ఎవరికి చేయకూడదో చెప్పడం వైద్యుడి మొదటి లక్షణం కనుక, నేటి ప్రకటనల్లో ఆ రెండో భాగం కనిపించకపోవడం బాధ కలిగిస్తుంది. ఓరుగల్లు రాణి రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) గోళకీ అనే శైవ మఠానికి చెందిన ఆరోగ్యశాల, ప్రసూతిశాలల పోషణను పేర్కొంటుంది. అంటే వైద్యాన్ని ఒక సంస్థగా నిలబెట్టే ఆలోచన కాకతీయుల నాటికే ఉంది. నిజాముల పాలనలో ఆదరణ పొందిన యునానీ వైద్యంలో మర్దనను దల్క్ అంటారు. హమ్మాం స్నానం, హిజామా కూడా అందులో చికిత్సా పద్ధతులే. ఈ శాస్త్రాలకు తర్వాతి కాలంలో కళాశాలలు వచ్చాయి. వరంగల్‌లోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆ కోవలోదే. మంత్రసాని చేతి నేర్పు మాత్రం ఆ కళాశాలల గడప దాటి లోపలికి వెళ్లలేదు.

ప్రకృతి చికిత్స కథ వేరు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే అనే ప్రకృతి చికిత్సకుడు తొట్టి స్నానాలు, ఆవిరి, మితాహారంతో చికిత్స చేస్తూ రాసిన పుస్తకాన్ని 1894లో వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమానికి ఆ అనువాదాన్నే తొలి అడుగుగా చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు పదేళ్ల తర్వాత వచ్చాయి. తెలుగువారు గర్వపడవలసిన ఈ సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. గాంధీజీ 1946లో పుణె సమీపంలోని ఉరుళీ కాంచన్‌లో చికిత్సాలయం ప్రారంభించడంతో ఈ పద్ధతికి దేశమంతటా పేరు వచ్చింది. హైదరాబాదులో 1949లో ప్రకృతి చికిత్సాలయం, 1970లో దానికి అనుబంధంగా గాంధీ పేరిట కళాశాల ఏర్పడ్డాయి. మట్టి పట్టీ, కటి స్నానం, మర్దన అక్కడ పాఠ్యాంశాలయ్యాయి.

అదే 1894లో లండన్‌లో జరిగిన ఒక పరిణామం మన సమస్యకు మరింత దగ్గరగా ఉంటుంది. అక్కడి మసాజ్ గృహాల్లో వ్యభిచారం జరుగుతోందని వైద్య పత్రిక ఒకటి బయటపెట్టడంతో, నిజాయితీగా మర్దన చేసే నర్సుల పేరు కూడా చెడిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారుల సంఘాన్ని స్థాపించారు. వైద్యుడి సూచన లేనిదే మర్దన చేయరాదని, మందులు అమ్మరాదని, సాధారణ పత్రికల్లో ప్రకటనలు ఇవ్వరాదని నియమం పెట్టుకుని, పరీక్ష నెగ్గినవారికే సభ్యత్వం ఇచ్చారు. ఆ సంఘమే ఎదిగి 1944 నాటికి బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల చార్టర్డ్ సొసైటీ అయింది. ఇవాళ హనుమకొండలో ఫిజియోథెరపీ బోర్డు పెట్టుకున్నవారి వృత్తికి మూలాల్లో ఒకటి అక్కడే ఉంది. అనుమానం వచ్చినప్పుడు వారు పనిని వదులుకోలేదు, తప్పు జరిగితే జవాబు చెప్పే ఏర్పాటు చేసుకున్నారు.

మన దేశంలో ఆ ఏర్పాటు ముక్కలు ముక్కలుగా జరిగింది. ఆయుర్వేదం, యునానీలకు 1970 చట్టంతో కేంద్ర మండలి వచ్చింది. దాని స్థానంలో 2020లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ప్రకృతి చికిత్సను, యోగాను ఆ చట్టంలో చేర్చలేదు. ఫిజియోథెరపిస్టులు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చారు. కేవలం మర్దన చేసేవారు ఈ రెండు చట్టాల్లో దేనిలోనూ కనిపించరు. పక్షవాతం, రుమాటిజం వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధిస్తున్నా, గోడల మీద అవే మాటలు పెద్ద అక్షరాల్లో చదువుతున్నాం. స్పాలో ఏదైనా అక్రమం జరిగితే పోలీసులు వస్తారు. చేసేవారికి శిక్షణ ఉందా, మెడ విరవడంలో ప్రమాదం తెలుసా అని అడగడానికి మాత్రం ఎవరూ రారు. మెడను ఒక్కసారిగా తిప్పి టక్కుమనిపించినప్పుడు, అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చిరిగి పక్షవాతం వచ్చే ముప్పు ఉంది.

ఈ లోటు వల్ల నష్టపోతున్నది ఒంటి కష్టం మీద బతికేవారు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, వంగి నాటేసే, పత్తి ఏరే ఆడవాళ్లు, కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునే నేతకారులు, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో పొద్దంతా మెడ వంచి బీడీలు చుట్టేవారు, గోదావరిఖని, భూపాలపల్లి గనుల్లో దిగే కార్మికులు స్పా మెట్లు ఎక్కరు. ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని మర్నాడు మళ్లీ పనికి పోతారు. ఆ మందులు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023 డిసెంబరులో ఆ సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామం, అవగాహన, మానసిక చికిత్సలతో పాటు మర్దనను కూడా వాడదగిన పద్ధతుల్లో చేర్చాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ (బరువుతో నడుమును లాగి ఉంచే పద్ధతి) మామూలుగా వాడవద్దని చెప్పాయి. మర్దన ఒక్కటే రోగాన్ని కుదురుస్తుందని ఆ పత్రం ఎక్కడా అనలేదు. కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, దెబ్బ తగిలిన తర్వాత నొప్పి మొదలైనా నూనె రాయకముందే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక దాన్ని అసలు పిసకకూడదు.

కాన్పులు ఆసుపత్రులకు మారడం తల్లుల ప్రాణాలు నిలిపిన మేలు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో పసిపిల్లల నూనె సీసా కూడా ఇచ్చారు. కాన్పు అయ్యాక ఇంటికి వచ్చి ఆ నూనె రాసే మంత్రసానికి మాత్రం ఆ పథకంలో చోటు దక్కలేదు. ఊళ్లలో ఇంకా పని తెలిసినవారు కొందరు మిగిలే ఉన్నారు. వారికీ, స్పాల్లో పనిచేసే యువతీ యువకులకూ ఆయుర్వేద కళాశాలల పంచకర్మ విభాగాలు, ఫిజియోథెరపీ శాఖలు కలిసి కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పేర్లు రిజిస్టరులో ఎక్కిస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజులైనా హమాలీ నడుముకు, బీడీ కార్మికురాలి మెడకు తర్ఫీదు పొందిన చేయి దొరుకుతుంది. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. జిల్లా వైద్యశాఖ, ఆయుష్ శాఖ ఒక బల్ల దగ్గర కూర్చుంటే మొదలుపెట్టగల పని ఇది.