పేపరు చదివిస్తూ ప్రభుత్వం పాఠం: అమెరికా తరగతి గదుల్లో నూరేళ్ల పేచీ

2025 ఆగస్టు 3న టెక్సాస్ ప్రతినిధుల సభలోని డెమోక్రాట్లు యాభై మందికి పైగా రాష్ట్రం దాటి వెళ్లిపోయారు. ఎక్కువ మంది తేలింది ఇల్లినాయిలో. తెలుగువాళ్లకు ఇది చూడగానే క్యాంపు రాజకీయంలా అనిపిస్తుంది. 1984లో ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను కర్ణాటక తరలించిన రోజులు గుర్తొస్తాయి. కానీ లెక్క వేరు. మన దగ్గర క్యాంపు పెట్టేది ఉన్న బలం చెదిరిపోకుండా చూసుకోడానికి. టెక్సాస్ వాళ్లు వెళ్లింది నియోజకవర్గాల సరిహద్దులు మార్చే బిల్లును ఆపడానికి, అసలు సభే జరగకుండా చెయ్యడానికి. 150 మంది ఉన్న ఆ సభలో మూడింట రెండొంతులు, అంటే 100 మంది, హాజరైతేనే కోరం. మన శాసనసభల్లో పదో వంతు ఉంటే సరిపోతుంది, వాషింగ్టన్‌లోని కాంగ్రెస్‌లో సగానికి పైగా ఉంటే చాలు. టెక్సాస్ నియమం మాత్రం 1876 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది.

రెండు వారాలకు వాళ్లు తిరిగొచ్చారు, బిల్లు పాసయింది, 29న గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం పెట్టారు. అమెరికా ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు మరో ఐదు సీట్లు కలిసొచ్చేలా నియోజకవర్గాల గీతలు మారాయి. ఆ నెలాఖరుకే కాలేజీలు తెరిచారు. గవర్నమెంట్ పాఠం చెప్పేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? దేశ చట్టసభ సీట్ల సరిహద్దులు గీసేది రాష్ట్ర శాసనసభ. ప్రత్యేక సమావేశం పిలిచేదీ, అందులో ఏం చర్చించాలో చెప్పేదీ గవర్నర్, అయితే ఒక్కో సమావేశం 30 రోజులు దాటకూడదు. (అక్కడి గవర్నర్‌ను మన రాజ్‌భవన్ గవర్నర్‌తో పోల్చుకోకండి. ఆయన జనం ఓట్లతో గెలిచిన పాలకుడు.) సభ ఎగ్గొట్టిన వాళ్లకు రోజుకు 500 డాలర్ల జరిమానా, అది సభ తనకు తాను పెట్టుకున్న రూలు. ఇక వెళ్లిపోయిన వాళ్ల మీద అరెస్టు వారెంట్ల సంగతి: వాటిని ఇల్లినాయిలో అమలు చెయ్యమని టెక్సాస్ కోర్టుకెక్కితే అక్కడి జడ్జి కుదరదన్నారు. ఫెడరలిజం అనే అధ్యాయాన్ని నలభై పేజీలు చదివినా ఇంత చక్కగా బుర్రకెక్కదు.

అసలు ఈ పాఠం అంతమంది ఎందుకు చదువుతున్నారంటే, చట్టం చదవమంటోంది కాబట్టి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివినా, సంగీతం చదివినా, అమెరికా రాజ్యాంగం, టెక్సాస్ రాజ్యాంగం రెండూ వచ్చేలా ఆరు క్రెడిట్ అవర్ల గవర్నమెంట్ చదవనిదే డిగ్రీ చేతికి రాదు. 2305 ఫెడరల్ గవర్నమెంట్, 2306 టెక్సాస్ గవర్నమెంట్ అని రెండు కోర్సులు. ఫ్రిస్కో, ప్లేనో, కేటీలాంటి చోట్ల ఉండే తెలుగు ఇళ్లకు ఈ నంబర్లు కొత్త కాదు. పన్నెండో తరగతిలో ఉండగానే డ్యూయల్ క్రెడిట్ కింద (అంటే బడికీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చేలా) పిల్లలు వీటిని కానిచ్చేస్తుంటారు. జార్జియా కూడా దేశ, రాష్ట్ర రాజ్యాంగాలు రెండూ తెలిసి ఉండాలంటుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల పాఠం తప్పనిసరి.

పాఠానికి వార్తను జోడించాలన్న ఆలోచన కాలేజీలో కాదు, బడిలో మొదలైంది. 1902లో మసాచుసెట్స్‌లో చార్లెస్ పామర్ డేవిస్ 'కరెంట్ ఈవెంట్స్' అనే చిన్న పత్రికను బడిపిల్లల కోసమే మొదలుపెట్టారు. అప్పటికి సివిక్స్ అంటే రాజ్యాంగం అధికరణాలు బట్టీ పట్టడమే. 1916లో జాతీయ విద్యా సంఘం వేసిన సోషల్ స్టడీస్ కమిటీ ఆ పద్ధతినే ప్రశ్నించింది. పన్నెండో తరగతికి 'ప్రజాస్వామ్య సమస్యలు' అనే కోర్సు పెట్టమంది. రాజనీతి, ఆర్థిక, సామాజిక శాస్త్రాలను విడివిడిగా వల్లించడం కాకుండా, అప్పుడు జనాన్ని కుదుపుతున్న సమస్యలనే పట్టుకుని చదవమంది. 1920లో స్కొలాస్టిక్, 1928లో మై వీక్లీ రీడర్ వచ్చాయి. అలా బడిపిల్లల వార్తాపత్రిక ఒక పెద్ద వ్యాపారమైంది.

వ్యాపారం బాగానే సాగింది, సమస్యల చర్చే సాగలేదు. కొలంబియా టీచర్స్ కాలేజీ ప్రొఫెసర్ హెరాల్డ్ రగ్ 1930లలో రాసిన పాఠ్యపుస్తకాలు పేదరికం, నిరుద్యోగం, ప్రకటనల మోసాల గురించి పిల్లల్ని ఆలోచించమన్నాయి. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 1940 నాటికి మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్, ప్రకటనల పరిశ్రమ వాళ్లు వాటి మీద విరుచుకుపడ్డారు. ఊరూరా బడులు ఆ పుస్తకాలను తీసేశాయి, ఒహాయోలోని బ్రాడ్నర్‌లో తగలబెట్టారు కూడా. వార్తలు చదివించమని అందరూ అంటారు గానీ, ఏ వార్త అనేసరికి పేచీ మొదలవుతుంది. ఆ పేచీ అప్పటి నుంచి తెమలలేదు.

వియత్నాం యుద్ధం దాన్ని కోర్టుకెక్కించింది. 1965 డిసెంబరులో అయోవాలోని డీ మోయిన్‌లో కొందరు విద్యార్థులు చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికొచ్చారు. బడి వాళ్లను ఇంటికి పంపేసింది. 1969లో సుప్రీంకోర్టు టింకర్ కేసు తీర్పులో విద్యార్థులైనా, టీచర్లైనా వాక్ స్వాతంత్ర్యాన్ని బడి గేటు దగ్గర వదిలేసి రారు అంది. టీచర్ల విషయంలో ఆ మాట ఎంతవరకు నిలబడిందో చూడాలంటే ఇండియానాలోని బ్లూమింగ్టన్‌కు వెళ్లాలి. 2003 జనవరి, ఇరాక్ యుద్ధం రేపో మాపో అన్నట్టుంది. ఎలిమెంటరీ బడిలో ఒక టీచరమ్మ కరెంట్ ఈవెంట్స్ పీరియడ్‌లో పిల్లల వార్తాపత్రిక చదివిస్తున్నారు. మీరు ఊరేగింపులకు వెళ్తారా అని ఓ పిల్లవాడు అడిగాడు. శాంతి కోసం హారన్ కొట్టండి అని ప్లకార్డు పట్టుకున్నవాళ్లు కనిపిస్తే హారన్ కొడతానని చెప్పారామె. ఆ తర్వాత కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ మాట అన్నందుకే తీసేశారని ఆమె కోర్టుకెళ్లారు. అందుకే తీసేశారనుకున్నా సరే, క్లాసులో మాట్లాడేది జీతానికి చేసే పనే గనుక అక్కడ టీచర్‌కు సొంత అభిప్రాయం చెప్పే హక్కు లేదని 2007లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. పాఠంలో భాగంగా, పిల్లవాడు అడిగితే చెప్పిన ఒక్క ముక్కకు అంత జరగడం అన్యాయమనే నాకనిపిస్తుంది.

మధ్యలో వచ్చిన ఛానల్ వన్ ముచ్చట రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. 1990 నుంచి బడులకు టీవీలు ఉచితంగా ఇచ్చి, బదులుగా రోజూ 12 నిమిషాల బులెటిన్ చూపించమన్నారు. అందులో రెండు నిమిషాలు వాణిజ్య ప్రకటనలు. 2018లో మూతపడింది.

దెబ్బ గట్టిగా పడింది మాత్రం 2002లో. నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం బడులను రీడింగ్, లెక్కల పరీక్షలతో కొలవడం మొదలెట్టగానే సోషల్ స్టడీస్ వెనక బెంచీకి పోయింది. 2022లో జరిపిన జాతీయ సివిక్స్ పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో 22 శాతమే ప్రొఫిషియంట్, అంటే పాఠం మీద మంచి పట్టు ఉన్న స్థాయికి చేరారు. 1998 నుంచి ఆ పరీక్షలో సగటు స్కోరు తగ్గడం అదే మొదటిసారి.

దీనికి విరుగుడు ఏమిటన్న దగ్గర రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. ఇల్లినాయి 2015లో హైస్కూలు పిల్లలందరికీ ఒక సెమిస్టరు సివిక్స్ తప్పనిసరి చేసింది. వర్తమాన వివాదాస్పద అంశాల మీద చర్చ అందులో ఉండి తీరాలని చట్టంలోనే రాసింది. టెక్సాస్ 2021లో హౌస్ బిల్లు 3979 తెచ్చింది. అప్పట్లో అది చెప్పింది ఇదీ: ఫలానా వర్తమాన ఘటన గురించి చెప్పి తీరాలని టీచర్‌ను ఎవరూ బలవంతం చెయ్యకూడదు. చెప్పదలిస్తే ఏ పక్షానికీ మొగ్గకుండా అన్ని కోణాలూ చూపాలి. చట్టసభ సభ్యులను కలిసి ఒత్తిడి తెచ్చే పనికి మార్కులు వెయ్యకూడదు. చదవడానికి తప్పు పట్టేదేం లేదనిపిస్తుంది. కానీ ఆ అక్టోబరులోనే టెక్సాస్‌లోని సౌత్‌లేక్‌లో ఒక బడుల అధికారి, తరగతిలో యూదుల ఊచకోత మీద పుస్తకం ఉంటే దానికి ఎదురు కోణం చెప్పే పుస్తకం కూడా ఉంచుకోండని టీచర్లకు సలహా ఇచ్చారు. ఆ ఆడియో బయటికొచ్చి ఊరంతా గగ్గోలైంది, సూపరింటెండెంట్ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. అక్కడ అదిలించింది చట్టం కన్నా ఎక్కువగా భయమే. అలాంటి భయం ఉన్న బడిలో టీచర్ పేపరు తెరవకుండా పుస్తకంలో పేజీ తిప్పుతారు, అంతే.

పుస్తకమైనా కదలకుండా ఉంటుందా అంటే అదీ లేదు. హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయిలో చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) గవర్నమెంట్ కోర్సులో ప్రతి విద్యార్థీ తప్పక చదవాల్సిన సుప్రీంకోర్టు కేసుల జాబితాలో అబార్షన్ హక్కును గుర్తించిన రో వర్సెస్ వేడ్ ఉండేది. 2022 జూన్‌లో డాబ్స్ తీర్పు దాన్ని కొట్టేసింది. ఆ కోర్సును నడిపే కాలేజ్ బోర్డు ఆ కేసును జాబితాలోంచి తీసేసింది. అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకునే మనవాళ్లకూ ఇలాంటి ఇబ్బంది ఉంది: ప్రతినిధుల సభ స్పీకర్ పేరేమిటన్నది అందులో ఒక ప్రశ్న. 2023 అక్టోబరు 3న కెవిన్ మెకార్తీని దించేశాక 25న మైక్ జాన్సన్ ఎన్నికయ్యేదాకా ఆ కుర్చీ ఖాళీ.

నన్నడిగితే ఈ గొడవంతటిలో అన్యాయమైపోయింది రాష్ట్ర ప్రభుత్వం పాఠం. ట్రంప్ వార్త ఎవరూ చెప్పకపోయినా పిల్లవాడి ఫోన్‌లోకి వచ్చేస్తుంది. టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో ఏ కమిటీ ఏ బిల్లును తొక్కిపెట్టిందో రాసేవాళ్లు ఉండాలి కదా. 2003, 2014 మధ్య రాష్ట్ర రాజధానుల్లో పూర్తికాలం పనిచేసే దినపత్రికల విలేకరులు 35 శాతం తగ్గారని ప్యూ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. 2009లో లాభాపేక్ష లేకుండా మొదలైన టెక్సాస్ ట్రిబ్యూన్ వంటివి ఆ లోటును కొంత పూడుస్తున్నాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి జనం చనిపోయినప్పుడు, టెక్సాస్ గ్రిడ్ దేశపు గ్రిడ్లతో ఎందుకు కలవలేదో, ఫెడరల్ నియంత్రణ తప్పించుకోవడం దానికి ఎలా కారణమో చాలామంది విద్యార్థులకు మొదటిసారి తెలిసింది. 2306 కోర్సుకు అంతకన్నా దగ్గరి వార్త ఇంకోటి లేదు.

పత్రిక లేనిచోట టీచర్ నేరుగా శాసనసభ వెబ్‌సైట్‌కే వెళ్లొచ్చు. బిల్లు పాఠం, ఎవరు ప్రవేశపెట్టారు, ఏ కమిటీలో ఆగింది, ఓట్లెన్ని, సభ వీడియో, అన్నీ అందులో ఉంటాయి. చిక్కల్లా సమయంతోనే. టెక్సాస్ శాసనసభ మామూలుగా కూర్చునేది రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరి నుంచి 140 రోజులు. ఆ వసంతం సెమిస్టరులో 2306 తీసుకున్న పిల్లలకు పాఠమూ సభా ఒకేసారి నడుస్తాయి. మిగతావాళ్లు పాత వీడియోలు చూడాలి, లేదా గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిచేదాకా ఆగాలి. వచ్చే మామూలు సమావేశం 2027 జనవరి 12న మొదలవుతుంది.