ముందు వేడి, తరువాతే మట్టం

ఆటోమేటిక్ కారు ఉన్నవారు ఇంజన్ ఆయిల్ సమయానికి మార్పిస్తారు, టైర్లలో గాలి చూసుకుంటారు. గేర్‌బాక్సు ఆయిల్ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. "అది బండి ఉన్నంతకాలం ఉంటుంది, ముట్టుకోనవసరం లేదు" అని ఎవరో చెప్పిన మాట మనసులో నాటుకుపోతుంది. కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో తిరిగే బండికి ఆ మాట వర్తించదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆ ఆయిల్ లోపల చేసే పని చూడాలి.

అంతకంటే ముందు మీ బండి ఏ రకం ఆటోమేటికో తేల్చుకోండి. 2014లో మారుతి సెలేరియో కారుతో మన దేశంలో మొదలైన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు యంత్రం చేస్తుంది. దాని ఆయిల్ వేరు, చూసే పద్ధతి వేరు. విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీలది, రెండు క్లచ్‌ల డీసీటీలది మరో లెక్క. ఇక్కడ చెప్పేదంతా టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ గురించి.

మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్ ప్రధానమైన పని పళ్లచక్రాలు అరగకుండా కాపాడటం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేదే ఆయిల్. ఇంజన్‌తో పాటు తిరిగే రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి, ఆ విసురుకు ఎదుటి రెక్కల చక్రం కదులుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫాటింగర్ ఓడల కోసం ఆలోచించి 1905లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. దీనికి తోడు అదే ఆయిల్, పంపు ఒత్తిడితో క్లచ్ పలకలను బిగించి గేర్లు మారుస్తుంది, బేరింగులను తడుపుతుంది, పుట్టిన వేడిని కూలర్‌కు చేరవేస్తుంది. ఇన్ని పనులు చేసే ద్రవం బండిలో మరొకటి లేదు.

ఆ వేడి ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నారనుకోండి. ముందు బరువు లారీ, వెనక మీరు. మామూలు రోడ్డు మీద వేగం అందుకున్నాక కన్వర్టర్ లోపల ఒక క్లచ్ బిగుసుకుని, రెక్కల మధ్య జారుడు లేకుండా చేస్తుంది. నత్తనడకన ఎక్కేటప్పుడు అది విడిపోతుంది. ఇంజన్ పక్క రెక్కలు వేగంగా, ఎదుటి రెక్కలు నెమ్మదిగా తిరుగుతాయి. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. అలా పది కిలోవాట్లు ఆయిల్‌లోకి పోతున్నాయనుకుందాం. ఇళ్లలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు ఐదు కలిపి పెట్టినట్టు. ఏడు లీటర్ల ఆయిల్ సుమారు ఆరు కిలోలు తూగుతుంది. కూలర్ అనేదే లేకపోతే ఒక్క నిమిషంలో దాని ఉష్ణోగ్రత 50 డిగ్రీల దాకా పెరుగుతుంది. కూలర్ ఉంది కాబట్టే బండి ఘాటు దాటుతోంది. అయితే కూలర్ తన వేడిని వదలాల్సింది బయటి గాలిలోకే, మే నెలలో ఆ గాలే 42 డిగ్రీలు.

ఆయిల్ బాగా వేడెక్కిన స్థితిలో ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు స్థూలంగా లెక్క కడతారు. ఆక్సిజన్‌తో కలిసి అది జిగురు తేలుతుంది, వాసన మారుతుంది. రంగును మాత్రం అతిగా నమ్మకండి. చాలా ఆయిళ్లలోని ఎరుపు ఇంజన్ ఆయిల్‌తో కలగలిసిపోకుండా గుర్తుపట్టడానికి కలిపిన రంగు మాత్రమే. అది కొంత మాసినంత మాత్రాన ఆయిల్ చెడిపోయినట్టు కాదు. మాడు వాసన వస్తే మాత్రం క్లచ్ పలకలు కాలుతుండవచ్చని అర్థం. ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులోకి మారితే నీళ్లు కలిశాయన్నమాట. కూలర్ రేడియేటర్ లోపల ఉండే బండ్లలో అది పగిలితే ఇలా అవుతుంది. అప్పుడు బండి నడపకూడదు.

ఇక మట్టం సంగతి. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఎనిమిది లీటర్ల ఆయిల్ 30 నుంచి 90 డిగ్రీలకు చేరితే దాదాపు మూడున్నర వందల మిల్లీలీటర్లు పెరుగుతుంది. మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య దూరం కొన్ని బండ్లలో అంతకంటే తక్కువ ఆయిల్‌కే సరిపోతుంది. అంటే ఒక్క చుక్క పోయకుండా, తీయకుండా అదే బండి ఉదయం "తక్కువ" అనీ, మధ్యాహ్నం "ఎక్కువ" అనీ చూపగలదు. వేడి చెప్పకుండా మట్టం చెబితే ఆ మాటకు విలువ లేదు.

డిప్‌స్టిక్ ఉన్న బండ్లలో పని తేలికే. ఇరవై నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు మీద కాలు ఉంచి, గేరు లివరును అన్ని స్థానాల్లో ఒక్కొక్క క్షణం ఆపుతూ తిప్పి పార్కింగ్‌లోకి తేవాలి. ఎక్కువ బండ్లకు ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. కొన్ని హోండా బండ్లకు ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. తుడవడానికి నూలు పోగులు రాలని గుడ్డే వాడండి. సన్నని పోగు కూడా లోపలి వాల్వులకు అడ్డుపడగలదు.

ఇప్పటి బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్ లేదు. అడుగున ఒక చెక్ ప్లగ్ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరినప్పుడు ఆ ప్లగ్ విప్పాలి. సన్నని ధార కారి, క్రమంగా బొట్లుగా మారితే మట్టం సరిపోయినట్టు. ఆ ఉష్ణోగ్రత ఒక బండికి 40–45 డిగ్రీలు, మరో బండికి 50–60. కంపెనీ సర్వీసు పుస్తకంలో మీ బండికి ఏది రాసి ఉందో అదే ప్రమాణం. ఉష్ణోగ్రతను స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్టుకు (బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే చోటు) స్కానర్ తగిలించి చదవాలి. చేత్తో తాకి అంచనా వేయకూడదు.

మన ప్రాంతపు చిక్కు ఇక్కడే వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో ఆయిల్ ఇంజన్ తిప్పకముందే 40 దాటి ఉంటుంది. గేర్లన్నీ తిప్పేలోపు 45 దాటిపోతుంది. అప్పుడు ప్లగ్ విప్పితే వ్యాకోచించిన ఆయిల్ అవసరానికి మించి కారిపోతుంది, బండికి తక్కువే మిగులుతుంది. అందుకే ఈ పని తెల్లవారుజామున, రాత్రంతా చల్లబడిన బండితో మొదలుపెట్టాలి. పనిని గ్యారేజీకి అప్పగించేవారు కూడా ఎన్ని డిగ్రీల దగ్గర మట్టం చూశారో తప్పక అడగాలి.

ఆయిల్ తక్కువైతే పంపు గాలిని కూడా పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ లేపుతాయి. రెండు దారులూ ఒకే చోటికి చేరుస్తాయి. గాలి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి ఒత్తిడి నిలవదు, క్లచ్ పలకలు జారి కాలుతాయి.

ఇంట్లో ఆయిల్ మార్చదలిస్తే ముందుగా పోసే ప్లగ్ విప్పి చూడండి. అది ఊడివస్తుందో లేదో చూడకముందే కింది ప్లగ్ విప్పేస్తే, అది బిగుసుకుపోయి రాకపోతే ఆయిల్ లేని బండి వాకిట్లో మిగులుతుంది. ముందు చక్రాలను మాత్రమే జాకీతో లేపితే మట్టం తప్పుగా తేలుతుంది. బండి నాలుగు పక్కలా సమానంగా, గట్టి స్టాండ్ల మీద ఉండాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. కిందికి వచ్చిన ఆయిల్‌ను కొలిచి, మొదట అంతే కొత్తది పోయండి. పాతదంతా దిగదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. ఒక్కసారికి నలభై శాతం మారుతుందనుకుంటే, మధ్యలో బండి నడుపుతూ మూడుసార్లు మార్చాక దాదాపు 78 శాతం కొత్తది అవుతుంది. అడుగు పాన్ విప్పే బండి అయితే లోపలి అయస్కాంతాలు చూడండి. కాటుకలాంటి మెత్తని బూడిద రంగు పొడి సహజమే. గోటికి తగిలే ఇనుప ముక్కలు ఉంటే మాత్రం ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, గేర్‌బాక్సు విప్పాల్సిందే.

ఆయిల్ రకంలో రాజీ పడకండి. క్లచ్ పలకలు ఎంత పట్టాలి, ఎంత జారాలి అన్నది అందులోని రసాయనాలే నిర్ణయిస్తాయి. ఒకప్పుడు ఆ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల తొలినాళ్లలో అమెరికా దాన్ని నిషేధించాక ప్రత్యామ్నాయాల కోసం పరిశ్రమ చాలా తంటాలు పడింది. "అన్ని బండ్లకూ సరిపోతుంది" అని రాసిన డబ్బా కంటే మీ బండి పుస్తకంలోని పేరున్న డబ్బానే కొనండి.

దింపిన ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి. కడపలో కాలువలో పోసింది బుగ్గవంకకు, అక్కడి నుంచి పెన్నకు చేరుతుంది.