హార్డ్‌లీ: కష్టం నుంచి ‘లేదు’ దాకా

‘ఐ హ్యావ్ వర్క్‌డ్ హార్డ్‌లీ.’ ఉద్యోగ దరఖాస్తుల్లో ఈ వాక్యం నాకు చాలాసార్లు ఎదురైంది. రాసినవాళ్లు చెప్పాలనుకున్నది ‘ఎంతో కష్టపడ్డాను’ అని. చదివినవాళ్లకు అర్థమయ్యేది ‘పెద్దగా పనేమీ చేయలేదు’ అని. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఆ మనిషి ఆలోచనలో లోపం లేదు. క్విక్ నుంచి క్విక్‌లీ, స్లో నుంచి స్లోలీ వచ్చినప్పుడు హార్డ్ నుంచి హార్డ్‌లీ ఎందుకు రాకూడదు?

నిజానికి వచ్చింది కూడా. పాత ఇంగ్లీషులో విశేషణాన్ని క్రియావిశేషణంగా మార్చడానికి రెండు దారులుండేవి. చివర ‘ఎ’ శబ్దం చేర్చడం ఒకటి, ‘లీచె’ అనే ప్రత్యయం చేర్చడం ఇంకొకటి. హార్డ్ అనే మాటకు రెండు రూపాలూ ఉండేవి. కాలక్రమంలో చివరి ‘ఎ’ రాలిపోయి ఒకటి మళ్లీ ‘హార్డ్’ లాగే మిగిలింది. ‘లీచె’ అరిగి ‘లీ’ అయి, రెండోది ‘హార్డ్‌లీ’ అయింది. మొదట్లో రెంటికీ ‘గట్టిగా, తీవ్రంగా’ అనే అర్థాలే. ఒకే పనికి రెండు మాటలున్నప్పుడు తరచు ఒకటి పక్కకు జరుగుతుంది. లేట్ (ఆలస్యంగా), లేట్‌లీ (ఈమధ్య) మధ్య జరిగిందీ ఇదే.

హార్డ్‌లీ జరిగిన దారిలో మధ్య మజిలీ ‘కష్టం మీద’ అనే అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, మత్తయి సువార్త 19వ అధ్యాయంలో, ధనవంతుడు పరలోక రాజ్యంలోకి ‘షల్ హార్డ్‌లీ ఎంటర్’ అని ఉంటుంది. ఇప్పటి ఇంగ్లీషు తెలిసినవారు దాన్ని ‘ప్రవేశించడం దాదాపు జరగదు’ అని చదువుకునే ప్రమాదం ఉంది. గ్రీకు మూలంలో ఉన్నది మాత్రం ‘కష్టంగా’ అనే మాట. తలుపు మూయలేదు, ఇరుకైనదని చెప్పారు, అంతే. అనువాదకులు అప్పటి అర్థంలో సరిగ్గానే రాశారు. తర్వాత మారింది మాట అర్థం.

కష్టానికీ లేకపోవడానికీ ఏమిటి సంబంధం? ‘అతికష్టం మీద పదిమంది వచ్చారు’ అంటాం. వచ్చినవాళ్లు దారిలో పడ్డ శ్రమ గురించి కాదు ఆ మాట, చాలా తక్కువమంది వచ్చారని. కష్టంగా జరిగేది కొంచెమే జరుగుతుంది. కొంచెమే జరిగేది ఇంకొంచెం తగ్గితే జరగనట్టే. హిందీలో ‘ముష్కిల్ సే’ అన్నా ఇదే లెక్క. ఫ్రెంచిలో ‘ఆ పేన్’ అనే మాటలో ‘పేన్’ అంటే బాధ, శ్రమ. మొత్తం కలిపితే అర్థం ‘ఏదో కాస్త’. స్పానిష్‌లో ‘అపేనాస్’ కథా అంతే. వేర్వేరు భాషలు ఒకే మెట్లు దిగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇంగ్లీషు ఇంకో అడుగు ముందుకెళ్లి హార్డ్‌లీని వ్యాకరణంలో వ్యతిరేక పదంగానే చూస్తుంది. ఎడ్వర్డ్ క్లైమా అనే భాషాశాస్త్రవేత్త 1964లో ఇంగ్లీషు వ్యతిరేకార్థం మీద రాసిన వ్యాసంలో ఇలాంటి మాటల్ని పరీక్షించే పద్ధతులు చూపించాడు. వాటిలో ఒకటి, వాక్యం చివర చిన్న ప్రశ్న తగిలించడం. ‘హి స్పీక్స్ వెల్’ తర్వాత ‘డజంట్ హీ?’ అంటారు. ‘హి హార్డ్‌లీ స్పీక్స్’ తర్వాత మాత్రం ‘డజ్ హీ?’ అంటారు, ‘హి డజంట్ స్పీక్’ తర్వాత అన్నట్టే. వాక్యంలో ఎక్కడా ‘నాట్’ లేదు, అయినా ఉన్నట్టే నడుస్తోంది.

మనకు చిక్కు వచ్చేది ఇక్కడే. తెలుగులో ‘ఆయన నాకు పెద్దగా తెలియదు’ అంటాం. ‘పెద్దగా’లో వ్యతిరేకం లేదు, అదంతా ‘తెలియదు’లో ఉంది. ఆ అలవాటుతో ‘ఐ డోంట్ హార్డ్‌లీ నో హిమ్’ అనేస్తాం. కొన్ని ప్రాంతాల ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా ‘కాంట్ హార్డ్‌లీ’ అంటారు కాబట్టి దీన్ని తెలివితక్కువతనం అనడానికి నేను ఒప్పుకోను. కాకపోతే ప్రామాణిక రాతలో ఆ ‘డోంట్’ తీసేయాలి. ‘ఐ హార్డ్‌లీ నో హిమ్’ చాలు.

హార్డ్‌లీ వాక్యం మొదట్లోకి వస్తే క్రియాభాగం కర్త కంటే ముందుకు దూకుతుంది, ‘నెవర్’ వచ్చినప్పటిలాగే. ‘హార్డ్‌లీ హ్యాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’ అనే వాక్యం చూసి చాలామందికి టెన్షన్. కూర్చోవడం జరిగిందిగా, మరి ఈ వ్యతిరేక పదం ఎందుకు అని. దాన్నే తెలుగులో చెప్పి చూడండి: ‘ఇలా కూర్చున్నానో లేదో, ఫోన్ మోగింది.’ కూర్చున్నాం, అయినా ‘లేదో’ అన్నాం.